కెనాన్ ఆర్6, మూడేళ్ళ తర్వాత: మావాళ్ళ చేతుల్లో ఎలా ఉందంటే

ఫోటోల నాణ్యత గురించి చదువుదామని వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. 20.1 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్, మెకానికల్ షటర్‌తో సెకనుకి 12 ఫోటోలు, మనిషి కన్నుతో పాటు కుక్కపిల్ల కన్నూ పక్షి కన్నూ వెతికి పట్టుకునే ఫోకస్, ఇవన్నీ 2020లో ఈ కెమెరా వచ్చిన దగ్గర్నుంచీ జనం రాస్తూనే ఉన్నారు, రాసినవి నిజాలే. నాకు కొనేముందు ఎక్కడా దొరకని సంగతి వేరే ఉంది. ఇంత డబ్బు పోసి కొన్నాక, "ఏదీ, ఒకసారి ఇలా ఇయ్యవే" అని ఫ్రెండో చుట్టమో చెయ్యి చాస్తే ఇవ్వాలా, ఇస్తే ఏమవుద్ది? మూడేళ్ళుగా ఇస్తూనే ఉన్నాను కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను.

నాది విజయనగరం, అత్తవారిది శ్రీకాకుళం. 2022లో దసరాకి ముందు ఈ ఆర్6 బాడీని, అంటే లెన్స్ లేని ఒట్టి కెమెరాని, సెకండ్ హ్యాండ్‌లో 1 లక్షా 35 వేలకి తీసుకున్నాను. తర్వాత 24-105 ఎఫ్4 ఎల్ అనే జూమ్ లెన్స్, పక్షుల కోసం 100-400, ఇంకా కాస్త చవకైన 50 ఎంఎం ఎఫ్1.8. మొత్తం ఎంతయిందో మా ఆయనకి ఇప్పటికీ తెలీదు, ఇది చదివితే తెలుస్తుంది, తెలియనివ్వండి. నేను ఫోటోగ్రాఫర్ని కాదు, బ్యాంకులో పని, ఆదివారాలు ఇదీ. కానీ మన ఊళ్ళలో ఒకరి దగ్గర పెద్ద కెమెరా ఉందని తెలిస్తే అది ఒకరిది కాదు, వీధిది. ఇవ్వనన్నామనుకోండి, సాయంత్రానికల్లా గంటస్తంభం దాకా తెలుస్తుంది, "కెమెరా కొన్నాక మనిషి మారిపోయింది" అని.

ముందు బరువు. బ్యాటరీ, కార్డు కలిపి బాడీ 680 గ్రాములు, 24-105 లెన్స్ ఒక 700. అంటే కిలో 380 గ్రాములు. మనకి తెలిసిన బరువే, కూరగాయల సంచీ అంతకంటే ఎక్కువే ఉంటుంది, కానీ ఫోన్ పట్టుకోవడం అలవాటైన చేతికి ఇది ఒక్కసారిగా కిందకి లాగుతుంది. నేను గమనించింది ఏమిటంటే, మొదటిసారి పట్టుకున్నవాళ్ళ చెయ్యి తీసుకున్న వెంటనే జానెడు కిందకి జారుతుంది, అప్పుడు "అబ్బో, ఎంత బరువే!" అంటారు. ఆ జానెడులోనే అన్నీ జరుగుతాయి. పక్కన బల్ల అంచు ఉన్నా, గేటు ఉన్నా, మెట్టు ఉన్నా లెన్స్ వెళ్ళి దానికి కొట్టుకుంటుంది. మా పిన్ని కూతురు మా ఇంటి గుమ్మంలో ఇలాగే తీసుకుని తలుపు గడియకి తగిలించింది. లెన్స్ ముందున్న ఫిల్టర్ పగిలింది, లెన్స్‌కి ఏం కాలేదు. అందుకని 77 ఎంఎం ఫిల్టర్ వల్ల ఫోటో నాణ్యత తగ్గుతుందా లేదా అన్న వాదనలో నేను చేరను. నాకైతే అది డబ్బులు మిగిల్చింది.

గ్రిప్ బాగుంటుంది, కుడి చేతి వేళ్ళు లోతుగా కూర్చుంటాయి, చిన్న చేతులకీ సరిపోతుంది. ఇందులో కంప్లయింట్ లేదు.

అలవాటు లేనివాళ్ళని భయపెట్టేవి మాత్రం రెండున్నాయి, ఇచ్చేముందే చెప్పేయండి, లేకపోతే వాళ్ళకి టెన్షన్, మీకు నవ్వు. ఒకటి, వ్యూఫైండర్, అంటే కన్ను పెట్టి చూసే కిటికీ, దాని దగ్గర కన్ను వచ్చిందని పసిగట్టే చిన్న సెన్సర్. కన్ను పెడితే వెనకున్న స్క్రీన్ ఆరిపోయి లోపల బొమ్మ కనిపిస్తుంది, మంచిదే, కానీ మెళ్ళో వేసుకుని స్క్రీన్ చూస్తూ ఉంటే బొటనవేలో చీర కుచ్చిళ్ళో అడ్డొచ్చినా అదే జరుగుతుంది, వెంటనే "అయ్యో, ఆగిపోనాదే, నేనేటీ చెయ్యలేదు" అని కెమెరా వెనక్కి చాచేస్తారు. రెండోది, స్విచ్ ఆపాక కెమెరాని ఊపితే లోపల ఏదో టకటకమంటుంది. చేతి వణుకు తెలియకుండా, ఫోటో పడే అసలు సెన్సర్నే కదిలించే ఏర్పాటు ఉంది కదా, కరెంటు లేనప్పుడు దాన్ని పట్టుకునేది ఉండదు, అది ఆ చప్పుడు. పాడవ్వడం కాదు. మా ఆఫీసులో ఒకావిడ ఆ చప్పుడు విని తనే విరగ్గొట్టేశాననుకుని ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం బయల్దేరేటప్పుడు కళ్ళనీళ్ళతో చెప్పింది, నేను చేసిన మొదటి పని ఆవిడ ముందే ఇంకోసారి ఊపి వినిపించడం.

ఇక నా తప్పు ఒకటి. దీన్ని ముందు చెప్పకపోతే మిగతావాళ్ళ మీద చెప్పే హక్కు నాకు లేదు.

పక్షులు తీసేవాళ్ళు చాలామంది ఫోకస్‌ని షటర్ బటన్ మీంచి తీసేసి, వెనక బొటనవేలి దగ్గరుండే బటన్‌కి మార్చుకుంటారు. అంటే వెనక బటన్ నొక్కితే ఫోకస్, ముందు బటన్ నొక్కితే ఫోటో. అలవాటైతే చాలా సుఖం. నేనూ అలాగే పెట్టుకున్నాను, పెట్టుకుని మర్చిపోయాను. బొబ్బిలిలో కాలేజీ ఫ్రెండ్ గృహప్రవేశం. నన్ను పీటల దగ్గరికి పిలిచారు, చీర పెడతారట, కెమెరా వాళ్ళ తమ్ముడి చేతికిచ్చి "ఇది నొక్కు చాలు" అని వెళ్ళిపోయాను. ఆ అబ్బాయి పాపం ఎంత శ్రద్ధగా తీశాడంటే, ఆవు లోపలికి రావడం, పాలు పొంగడం, వాళ్ళ నాన్నగారు కండువాతో కళ్ళు తుడుచుకోవడం, అన్నీ పట్టుకున్నాడు. 212 ఫోటోలు. ఒక్కదాంట్లోనూ ఫోకస్ లేదు. నేను ఆఖరున దేనిమీద ఫోకస్ పెట్టానో, అంటే నా ఎదురుగా మూడడుగుల దూరంలో ఉన్న అరటి గెల, దాని దూరానికే లెన్స్ ఆగిపోయి ఉంది. 212 ఫోటోల్లోనూ ఎవరైనా ఆ గెల దగ్గరికి వచ్చి నిలబడి ఉంటే వాళ్ళు మాత్రం బాగా పడేవాళ్ళు. ఎవరూ రాలేదు.

అబ్బాయి తనకి ఫోటోలు తీయడం రాదనుకున్నాడు. కాదు బాబూ, అక్కదే తప్పు అని ఎంత చెప్పినా ఇప్పటికీ కెమెరా అంటే దణ్ణం పెడతాడు. నాకు అదే ఎక్కువ బాధ. ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ సెట్టింగు తీసేశాను, షటర్ సగం నొక్కితేనే ఫోకస్ అయ్యేలా కంపెనీ వాళ్ళిచ్చిన పద్ధతికే వచ్చేశాను. పక్షుల దగ్గర నాకు కొంచెం ఇబ్బందే, పడుతున్నాను. ఎవరికైనా ఇచ్చేముందు పైనున్న డయల్‌ని ఏ ప్లస్ మీదకి తిప్పుతాను. దాన్ని ఆటో అని చిన్నచూపు చూడకండి, ఈ కెమెరాలో ఆ మోడ్ ముఖాలు చూసుకుంటుంది, వెలుతురు చూసుకుంటుంది, ఇచ్చినవాళ్ళ పరువు నిలబెడుతుంది. తిరిగి తీసుకున్నాక డయల్ వెనక్కి తిప్పుకోవడం మాత్రం మర్చిపోకూడదు, నేను రెండుసార్లు మర్చిపోయాను.

తిరిగొచ్చాక చూసుకోవలసింది ఇంకోటి, వ్యూఫైండర్ పక్కన ఉండే చిన్న చక్రం. కళ్ళద్దాలవాళ్ళు తమ చూపుకి సరిపడా తిప్పుకుంటారు, తప్పు కాదు, అది అందుకే ఉంది. వాళ్ళు వెళ్ళాక మనం కన్ను పెడితే అంతా మసక. లెన్స్ పోయిందనుకుని నేను ఒక పూట తిండి మానేశాను. (మా బ్రాంచిలో ఈ కెమెరా వల్ల అన్నం మానేసినవాళ్ళం ఇద్దరం.)

ఇప్పుడు మా అమ్మ సంగతి. 2023 సిరిమానోత్సవం. మనవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్ళకి: దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం, పైడితల్లి అమ్మవారి పండగ, 50 అడుగులు దాటిన మాను చివర పూజారి గారు కూర్చుంటారు, మూడు లాంతర్ల దగ్గరున్న గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, జాలరి వల వెళ్తాయి. మా పెద్దమ్మ వాళ్ళ మేడ ఆ దారిలోనే, ఏటా అక్కడే ఎక్కుతాం, ఆ రోజు ఆ మేడ మీద నలభై మంది ఉంటారు, పిట్టగోడ దగ్గర చోటు కోసం పొద్దున్నే తువ్వాళ్ళు వేసేస్తారు. సరిగ్గా మాను కదిలే టైముకి మా చిన్నది డప్పులకి భయపడి ఏడుపు అందుకుంది, నన్ను వదలదు. పక్కన మా అమ్మ ఉంది. జన్మలో కెమెరా పట్టుకోలేదు, ఫోన్లో కూడా ఫోటో తీస్తే తన వేలే పడుతుంది.

"అమ్మా, నువ్వు తియ్యి" అన్నాను.

అమ్మ ముందు చేతులు చీరకి తుడుచుకుంది. రెండు చేతులూ చాపింది. "ఎక్కడ పట్టుకోవాలే ఇది? ఎక్కడ పట్టుకోకూడదో అది కూడా చెప్పు" అంది.

ఈ మూడేళ్ళలో ఇంకెవరూ ఆ రెండో ప్రశ్న అడగలేదు. పట్టీ తన మెళ్ళో వేశాను, కుడి చెయ్యి గ్రిప్ మీద, ఎడమ చెయ్యి లెన్స్ కింద. ఆ ఎడమ చెయ్యి చూడాలి మీరు, చంటిపిల్లని ఎత్తుకున్నప్పుడు మెడ కింద వేస్తామే, అచ్చం అలా వేసింది, నేను చెప్పనే లేదు. లెన్స్ బరువు అంతా ఆ చేతి మీద ఉండాలి, కెమెరా పుస్తకాల్లో బొమ్మలు వేసి చెప్పేది అదే, ఇద్దరు పిల్లల్ని పెంచినావిడకి బొమ్మ అక్కర్లేదు. 14 ఫోటోలు తీసింది. ఆ రోజు జనం సిరిమాను మీదకి అరటిపళ్ళు విసురుతారు కదా, ఒకదాంట్లో పూజారి గారి ముఖం స్పష్టంగా ఉంది, ఆయన ముఖానికి బెత్తెడు ఎడంగా గాల్లో ఒక అరటిపండు ఆగి ఉంది, తొక్క మీద నల్లమచ్చలతో సహా. నేను మూడేళ్ళలో తీసినవాటిల్లో దానికి సాటి వచ్చేది లేదు. అమ్మకి మాత్రం అది నచ్చలేదు, "అరటిపండు అడ్డొచ్చిందే" అని ఇప్పటికీ అంటుంది.

అప్పటినుంచి నా పరీక్ష ఇదే. ఎవరైనా కెమెరా అడిగితే వాళ్ళకి ఫోటోగ్రఫీ వచ్చా రాదా అని చూడను, చేతులు చూస్తాను. రెండు చేతులూ వస్తే ఇస్తాను. ఒక చెయ్యి ముందుకొచ్చి రెండో చేతిలో ఫోనో టీ కప్పో ఉంటే "ఉండు, ముందు అది కింద పెట్టు" అంటాను, కొంతమందికి కోపం వస్తుంది, రానివ్వండి.

ఈ పరీక్ష పెట్టుకోవడానికి అమ్మ ఒక కారణమైతే, మా మరిది ఇంకో కారణం. మావాడు మంచివాడు, ఎవరింట్లో పెళ్ళయినా ముందుండి పనిచేస్తాడు, పార్ట్ టైంగా పెళ్ళిళ్ళకి ఫోటోలు కూడా తీస్తాడు, పదేళ్ళుగా తన దగ్గర ఒక డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే పాతరకం కెమెరా, ఉంది. సంక్రాంతి వెళ్ళాక అందరం కళింగపట్నం బీచ్‌కి వెళ్ళాం. తెలిసినవాళ్ళకి తెలుసు, వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, సాయంత్రం నాలుగు దాటితే గాలి మామూలుగా ఉండదు, కొంగు ముఖం మీదకొచ్చి కొడుతుంది, దానితో పాటు సన్న ఇసక. "వదినా, ఓసారి ఇయ్యి, పిల్లల్ని తీస్తాను" అన్నాడు. తెలిసినవాడు కదా అని నేను ఏ ప్లస్‌లో కూడా పెట్టలేదు, పట్టీ మెళ్ళో వేసుకోమని కూడా చెప్పలేదు, పదేళ్ళ అనుభవం ఉన్నవాడికి పట్టీ గురించి చెప్తే ఏం బాగుంటుంది. బ్యాగు కూడా అక్కడే వదిలేసి పిల్లలకి మొక్కజొన్న కండెలు కొనడానికి వెళ్ళాను. పది నిమిషాలు.

తిరిగొచ్చేసరికి ఇసక మీద తువ్వాలు, తువ్వాలు మీద ఆర్6 వెల్లకిలా పడుకుని ఉంది, లెన్స్ లేదు. స్విచ్ ఆన్‌లోనే ఉంది. సెన్సర్ ఆకాశం చూస్తోంది. 24-105 ఆ పక్కనే తలకిందులుగా, వెనక మూత లేకుండా. మావాడు 50 లెన్స్ మూత తిప్పుతూ, తీరుబడిగా, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి నవ్వి, కెమెరా ఎత్తి, లోపల ఏదో నలక కనిపించిందేమో, నోటితో ఒక్కటి ఊదాడు.

నేను కేక వేశానట. నాకు గుర్తులేదు, మా ఆయన చెప్పాడు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే వాడు తెలివితక్కువగా చేసింది కాదు. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ తీస్తే ముందు అద్దం ఉంటుంది, అద్దం వెనక షటర్ మూసి ఉంటుంది, వాటి వెనకెక్కడో సెన్సర్. పదేళ్ళుగా వాడు నోటితో ఊదుతున్నది ఆ అద్దం మీద. ఈ ఆర్6 మిర్రర్‌లెస్, పేరులోనే ఉంది కదా, అద్దమే లేదు, స్విచ్ ఆన్‌లో ఉండగా లెన్స్ తీస్తే సెన్సర్ తిన్నగా గాలిలోకి తెరుచుకుని ఉంటుంది. ఈ ఆర్6లో స్విచ్ ఆపితే షటర్ తెర సెన్సర్ ముందుకి వచ్చి మూసుకుంటుంది, అది మంచి ఏర్పాటు, దుమ్ము కొంత ఆగుతుంది, కానీ ఆ తెర కూడా పలచన, వేలు తగిలితే ఇంకో ఖర్చు. ఏదైనా ముందు స్విచ్ ఆపాలి, కెమెరా ముఖం కిందకి ఉంచాలి, గాలికి వీపు పెట్టి గబగబా మార్చాలి, బీచ్‌లో అయితే అసలు మార్చకూడదు. ఇవేవీ తెలియనివాడైతే లెన్స్ జోలికే వెళ్ళేవాడు కాదు. మా అమ్మకి ఆ లెన్స్ ఊడుతుందని కూడా తెలీదు. మావాడికి తెలుసు, ఇంకో రకం కెమెరాది తెలుసు, ఆ తెలిసినదాన్నే దీనిమీద వాడాడు.

మర్నాడు మేడ ఎక్కి, లెన్స్ లోపలి రంధ్రం బాగా చిన్నదయ్యేలా ఎఫ్16 పెట్టి, నీలాకాశాన్ని ఒక ఫోటో తీశాను. సెన్సర్ మీద దుమ్ముందా లేదా తెలియాలంటే ఇదే దారి, మామూలు ఫోటోల్లో కనిపించనివి కూడా మచ్చల్లా తేలతాయి. లెక్కపెట్టాను, 23. అందులో ఒకటి గుండ్రంగా, అంచుల్లో వలయంతో, చాలా అందంగా ఉంది. అది దుమ్ము కాదు. అది మా మరిది.

విశాఖలో సెన్సర్ క్లీనింగ్‌కి 1,800, లెన్స్ జూమ్ రింగు తిప్పితే గరగరమంటోంది, దాన్ని విప్పి శుభ్రం చేయించడానికి ఇంకోచోట 7,600, అది రావడానికి మూడు వారాలు. మొత్తం 9,400. "నేను కట్టేస్తాను వదినా, నువ్వేం అనుకోకు" అన్నాడు. అన్నాడు. నేను అడగలేను, మా ఆయన అడగడు. మా అత్తగారు "ఆడు కావాలని చేసినాడేటమ్మా" అన్నారు, నిజమే, కావాలని చెయ్యలేదు. ఉగాదికి వచ్చినప్పుడు పలాస జీడిపప్పు రెండు కిలోలు తెచ్చి నా చేతిలో పెట్టాడు, కెమెరా మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పప్పు మంచిదే, గుండు పప్పు. కిలో 4,700 పడింది.

కాబట్టి డబ్బు మాట ముందే మాట్లాడుకోవాలని చాలామంది చెప్తారు. సొంతవాళ్ళ దగ్గర అది కుదరదు, ఆ మాట అనే నోరు నాకైతే లేదు. కుదిరేది ఏమిటంటే, ఏది పోతే నేను నోరు మూసుకుని భరించగలనో అదే ఇవ్వడం. 50 లెన్స్ పెట్టి ఇస్తాను, 160 గ్రాములే, మొత్తం బరువు 840 గ్రాములకి దిగుతుంది, పడినా ఆ లెన్స్ కొత్తది కొనుక్కోగలను. 24-105 నేను పక్కనుంటేనే. వారంటీ మీద ఆశ పెట్టుకోకండి, చేతిలోంచి పడినవాటికీ నీళ్ళలో తడిసినవాటికీ వారంటీ వర్తించదు, నాది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఆ ఆశ కూడా లేదు.

100-400 మాత్రం ఒక్కరికే ఇచ్చాను, మా బ్రాంచిలో నా పక్క కౌంటర్ ఆవిడకి (టకటక విని అన్నం మానేసింది ఈవిడే). వాళ్ళ నాన్నగారిది టెక్కలి, ఆయనకి ఒంట్లో బాగోలేదు, తేలినీలాపురంలో పక్షులు దిగాయి, ఆయనకి ఫోటోలు తీసి చూపించాలని. పెలికాన్లూ ఎర్రకాళ్ళ కొంగలూ ఆ ఊరికి చలికాలం ముందు వచ్చి, గూళ్ళు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి, అక్కడివాళ్ళు పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆవిడ అడిగిన పద్ధతి నాకు నచ్చింది. "పాడైతే ఎంతవుద్దో ముందు చెప్పండి మేడం, నేను ఇవ్వగలిగితేనే తీసుకుంటాను" అంది. లెన్స్ కొత్తది అరలక్ష దాటుతుందన్నాను. ఒక రోజు ఆలోచించుకుని వచ్చి తీసుకుంది. శనివారం సాయంత్రం ఇచ్చాను, సోమవారం పొద్దున్న బ్యాటరీ ఫుల్ ఛార్జింగ్‌తో, కార్డులో నా పాత ఫోటోలు ఒక్కటీ చెరక్కుండా, మూతలన్నీ వేసి తెచ్చింది. అరగంట సేపు ఆ పక్షుల గురించే చెప్పింది.

"లెన్స్ కూడా తుడిచేశాను మేడం, దుమ్ము పడింది" అంది.

"దేనితో?"

కొంగు చూపించింది. పొందూరు ఖద్దరు. చాలా మంచి చీర, ఎంత మెత్తగా ఉంటుందో నాకూ తెలుసు, నా దగ్గరా రెండున్నాయి. కానీ లెన్స్ అద్దం మీద దుమ్ము ఉండగా దేనితో తుడిచినా ఆ దుమ్మే గరుకు కాగితంలా గీస్తుంది, ముందు బ్లోయర్‌తో, అంటే నొక్కితే గాలొచ్చే రబ్బరు బుడ్డితో, గాలి కొట్టి, ఆ తర్వాతే లెన్స్ గుడ్డ. తప్పు నాదే, బ్యాగులో బ్లోయర్ పెట్టాను గానీ అది ఎందుకో చెప్పలేదు, ఆవిడ దాన్ని పిల్లల బొమ్మ అనుకుందట. దీపం వెలుగులో ఏటవాలుగా పెట్టి చూస్తే సన్నని గీతలు రెండు కనిపిస్తాయి. ఫోటోలో తెలియవు. వాళ్ళ నాన్నగారికి ఆ ఫోటోలు ప్రింట్ తీయించి మంచం పక్క గోడకి అంటించారు. ఆవిడ ఇంకోసారి అడిగితే ఇంకోసారి ఇస్తాను.

ఈ కెమెరాలో పదిమంది చేతుల్లో తిరిగే వస్తువుకి నిజంగా పనికొచ్చేవి రెండు చెప్తాను. రెండు ఎస్డీ కార్డులు పడతాయి, రెండింట్లోనూ ఒకేసారి రాసేలా పెట్టుకోవచ్చు. "ఇందులో నేను బాలేను" అని ఫోటో చెరిపేసే చెల్లెళ్ళు ఉన్న ఇంట్లో ఇది వరం, ఒక కార్డులో పోయినా రెండోదాన్లో ఉంటుంది. ఇంకోటి, కార్డు లేకపోతే షటర్ పడకుండా మెనూలో పెట్టుకోవచ్చు, అలా పెట్టుకోండి, కార్డు ల్యాప్‌టాప్‌లోనే మర్చిపోయి కెమెరా ఇచ్చేసే నాలాంటివాళ్ళు ఉంటారు. కార్డు ఇచ్చేముందు పాత ఫోటోలు ఏమున్నాయో కూడా ఒకసారి చూసుకోండి, కెమెరా తీసుకున్నవాళ్ళు తీసిన ఫోటో చూసుకుని ఆగరు, వెనక్కి జరుపుకుంటూ వెళ్తారు, ఎవరి సీమంతంలోనో ఎవరి మొహమో చూసి నన్ను ఎందుకు పిలవలేదంటారు.

పట్టీ గురించి ఒక్క మాట. ముందు పట్టీ వాళ్ళ తలమీంచి మెళ్ళోకి వెళ్ళాలి, ఆ తర్వాతే నా చెయ్యి కెమెరా మీంచి లేస్తుంది. వరస మారకూడదు. అవతల కలెక్టరైనా సరే. "ఎందుకే అంత, పడేస్తానా?" అంటారు, "నీ జడ సర్దుతున్నాననుకో" అని వేసేస్తాను. మగవాళ్ళతో కొంచెం కష్టం, వాళ్ళకి మెళ్ళో పట్టీ నామోషీ, చేతికి చుట్టుకుంటామంటారు, సరే, మణికట్టుకి రెండు చుట్లు.

కొనాలా అంటే, దీని తర్వాతి మోడల్ ఆర్6 మార్క్ 2 వచ్చాక ఇది సెకండ్ హ్యాండ్‌లో అందుబాటుకొచ్చింది, పక్షుల్ని బాగా కత్తిరించి పెద్దవి చేసుకునేవాళ్ళకి 20 మెగాపిక్సెళ్ళు కొంచెం తక్కువ, ఇల్లూ పండగలూ మనుషులూ అయితే ఇది చాలు. పదిమంది చేతుల్లో తిరిగి, ఒకసారి సముద్రం గాలి తిని, ఒకసారి ఉమ్మి తిని ఇంకా పనిచేస్తోంది.

నిన్న రాత్రి మా మరిది ఫోన్ చేశాడు. ఆదివారం తన ఫ్రెండ్ కూతురి ఓణీల ఫంక్షన్ అట, "వదినా, కెమెరా ఖాళీయేనా?" అన్నాడు. ఖాళీయే అన్నాను. 50 లెన్స్ బిగించి, దాని మీదా బాడీ మీదా కలిపి ఒక తెల్ల టేపు అంటించాను, ఊడదీస్తే తెలిసేలా. టేపు మీద ఏం రాయాలో ఇంకా ఆలోచిస్తున్నాను. బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉంది.